చందాదారుల పట్టిక నుండి ఈమెయిల్ జాబితా దాకా: తెలుగు పత్రికల పాఠక సంబంధం – ఒక చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం

పత్రిక తన పాఠకుల చిరునామాలను స్వయంగా భద్రపరచుకొన్న కాలానికీ, ఆ చిరునామాలను సామాజిక మాధ్యమ సంస్థల చేతికి విడిచిపెట్టిన కాలానికీ మధ్య పాఠక సంబంధంలో వచ్చిన మార్పును ఈ వ్యాసం పరిశీలిస్తుంది. తపాలా చట్టం, తెలుగు పత్రికల చందా పద్ధతి, ప్రవాస తెలుగువారి ఈమెయిల్ బృందాలు, సామాజిక మాధ్యమాల పెరుగుదల ఇందులో ప్రధాన ఆధారాలు.

కీలక పదాలు: చందాదారు, తపాలా, వి.పి.పి., గోలకొండ పత్రిక, ఈమెయిల్ జాబితా, ఫాలోయర్, రచ్చబండ.

ఉపోద్ఘాతం

1898 నాటి భారత తపాలా చట్టంలో తొమ్మిదో విభాగం పత్రికల రిజిస్ట్రేషనుకు సంబంధించినది. తక్కువ తపాలా రుసుముతో పాఠకులకు చేరాలనుకొనే పత్రిక ఈ విభాగం కింద నమోదు కావలసి ఉండేది. వార్తలో, వర్తమాన విషయాలపై వ్యాసాలో ప్రధానంగా ఉన్న ప్రచురణను పత్రికగా గుర్తించడానికి చట్టం రెండు షరతులు పెట్టింది. మొదటిది, సంచికల మధ్య వ్యవధి 31 రోజులకు మించరాదు. రెండవది, ఆ పత్రికకు నిజమైన చందాదారుల పట్టిక ఉండాలి.

ఈ రెండవ షరతు పత్రికాచరిత్ర రచనలో తగినంత చర్చకు రాలేదు. ఎన్ని ప్రతులు ముద్రిస్తున్నారని గాని, ఎందరు చదువుతున్నారని గాని ఆ షరతు అడగలేదు. డబ్బు చెల్లించి, చిరునామా ఇచ్చి, పత్రికను కోరుకొన్నవారి పేర్లు పట్టికగా ఉన్నాయా అని మాత్రమే అడిగింది. వలస ప్రభుత్వం దీనిని పత్రికల మేలు కోరి పెట్టిందని చెప్పలేము. వ్యాపార ప్రకటనల కాగితాలు పత్రికల పేరుతో చౌకగా తపాలాలో పోకుండా చూడటానికి ఇది ఉపకరించింది. కారణమేదైనా, చందాదారుల పట్టిక పత్రికకు నిర్వచనంలో భాగమయింది. నేటి సాహిత్య పత్రికలలో అనేకం వేల సంఖ్యలో ఫాలోయర్లు ఉన్నారని చెప్పుకొంటాయి. ఆ పత్రికల దగ్గర ఈ అర్థంలో పట్టిక ఉన్నదా అన్నది ఇక్కడి ప్రశ్న.

తపాలా వ్యవస్థ – చందా పద్ధతి

దేశమంతటికీ దూరంతో నిమిత్తం లేని ఏకరీతి అర్ధణా ఉత్తరం 1854లో వచ్చింది. 1877లో వి.పి.పి., 1879లో కాణీ పోస్టుకార్డు, 1880లో తపాలా మనియార్డరు వచ్చాయి. 1874లో కందుకూరి వీరేశలింగం వివేకవర్ధని ప్రారంభించిన నాటికి వీటిలో చివరి మూడూ లేవు. ఊరికి దూరంగా ఉన్న చందాదారు నుండి రూపాయి రాబట్టడమే ఆ కాలపు సంపాదకునికి పెద్ద పని. పత్రిక పంపుతూ పోవడం, బాకీ కోసం ఉత్తరాలు రాయడం, చివరకు పత్రికలోనే వేడుకోలు ప్రకటించడం ఆనాటి పత్రికల పుటలు తిరగవేసిన వారికి పరిచితమే.

వి.పి.పి. ఈ సంబంధాన్ని మార్చింది. కట్టను అందుకొనేటప్పుడే పాఠకుడు తపాలా బంట్రోతుకు సొమ్ము చెల్లిస్తాడు. తపాలా శాఖ దానిని పంపినవారికి చేరుస్తుంది. పాఠకుడు తీసుకోనంటే కట్ట వెనక్కి వస్తుంది, ఖర్చు పత్రికమీద పడుతుంది. అందువల్ల పట్టికలోని ప్రతి పేరు వెనుకా నష్టభయం ఉండేది. ఎవరు చెల్లిస్తారు, ఎవరు తిప్పిపంపుతారు, ఎవరు ఊరు మారారు అన్నవి మేనేజరుకు తెలిసి ఉండక తప్పదు. చందాదారులు ఉత్తరం రాసేటప్పుడు రేపరుపై ఉన్న తమ సంఖ్యను పేర్కొనవలెనని పత్రికలు కోరేవి. ఇది మొదట కార్యాలయ సౌకర్యం కోసం ఏర్పడిన పద్ధతే. అయినా దాని వల్ల ప్రతి పాఠకునికీ పత్రిక దగ్గర ఒక స్థానం, ఒక అంకె, ఒక చరిత్ర ఏర్పడ్డాయి.

ఈ పద్ధతి శక్తిని తెలియజేసే గట్టి ఉదాహరణ ఆంధ్రపత్రిక. కాశీనాథుని నాగేశ్వరరావు 1908లో దానిని వారపత్రికగా ప్రారంభించినది తెలుగు దేశంలో కాదు, బొంబాయిలో. అమృతాంజనం వ్యాపారం 1893 నుండి అక్కడే ఉంది. పాఠకులలో అధికభాగం మాత్రం మద్రాసు రాజధానిలోని తెలుగు జిల్లాలలో ఉన్నారు. ముద్రణాలయానికీ చదువరికీ మధ్య రెండు రోజుల రైలు ప్రయాణం ఉండగా, వీధిలో కేకవేసి అమ్మే పద్ధతి మీద ఇటువంటి పత్రిక నిలవడం సాధ్యం కాదు. 1914లో మద్రాసుకు తరలి దినపత్రిక అయ్యేవరకూ ఆంధ్రపత్రికను ఆంధ్రదేశంతో కలిపి ఉంచినది ప్రధానంగా తపాలాయే. పత్రిక ఊరు మారినప్పుడు పాఠకులు చెదరిపోలేదన్నది గమనార్హం. చిరునామాలు పత్రికవి కనుక అవి పత్రికతోపాటే బొంబాయి నుండి మద్రాసుకు కదిలాయి.

1906లో హైదరాబాదులో ఏర్పడిన విజ్ఞానచంద్రికా మండలి కూడా గ్రంథమాలకు చందాదారులనే పునాది చేసుకొంది. గాడిచర్ల హరిసర్వోత్తమరావు రచించిన అబ్రహాం లింకను చరిత్ర 1907లో ఈ గ్రంథమాల తొలి ప్రచురణగా వచ్చింది. శాస్త్ర, చరిత్ర గ్రంథాలకు బజారులో కొనేవారు దొరకని కాలంలో, రాబోయే పుస్తకాన్ని చూడకుండానే కొనడానికి అంగీకరించినవారి పేర్లు ముందే చేతిలో ఉండటం వల్లనే కొమర్రాజు లక్ష్మణరావు వంటివారు ప్రణాళిక వేసుకోగలిగారు.

చందాదారుల సంఖ్య పాఠకుల సంఖ్య కాదన్న మాటను కూడా ఇక్కడే గుర్తుచేసుకోవాలి. 1901లో హైదరాబాదులో వెలసిన శ్రీకృష్ణదేవరాయ ఆంధ్రభాషానిలయం, 1914 తరువాత ఆంధ్రదేశ గ్రంథభాండాగార సంఘం ప్రోత్సాహంతో వ్యాపించిన గ్రామ గ్రంథాలయాలు ఒక్కొక్కటి ఒక్కొక్క చిరునామా మాత్రమే. ఆ ఒక్క ప్రతిని చదివినవారూ, ఎవరో చదువుతుండగా విన్నవారూ పట్టికలో కనిపించరు. పట్టిక పాఠకలోకం మొత్తానికి నకలు కాదు. పత్రిక తిరిగి పలుకరించగలిగినవారి నమోదు మాత్రమే. ఈ పరిమితిలోనే దాని విలువ ఉన్నది.

గోలకొండ పత్రిక: పాఠకులే కవులయిన సందర్భం

సురవరం ప్రతాపరెడ్డి సంపాదకత్వంలో 1926 మే 10న గోలకొండ పత్రిక వెలువడింది. ఉర్దూ రాజభాషగా ఉన్న నిజాం రాష్ట్రంలో తెలుగు చదువరులు జిల్లాల అంతటా చెల్లాచెదరుగా ఉన్నారు. పాఠశాలల కొరత, ప్రభుత్వ నిఘా, రవాణా ఇబ్బంది వారిని ఒకరికొకరు తెలియనివారిగా ఉంచాయి. వారానికి రెండుసార్లు వెలువడిన ఈ పత్రిక వార్తలు చేరవేయడంతో ఆగలేదు. ఏ ఊళ్లో తెలుగు చదివేవారున్నారో, ఎవరు రాయగలరో తెలిసిన కేంద్రంగా క్రమంగా రూపొందింది.

నిజాం రాష్ట్రంలో తెలుగు కవులు లేరన్న ఆక్షేపణ వచ్చినప్పుడు ఈ సంబంధం ఏమి చేయగలదో వెల్లడయింది. సురవరం పత్రికా ముఖంగా కవులను పిలిచారు. ఉత్తరాలు వచ్చాయి, పద్యాలు వచ్చాయి, ఊళ్ల పేర్లు వచ్చాయి. 1934లో 354 మంది కవులతో గోలకొండ కవుల సంచిక వెలువడింది. దీనిని సాధారణంగా తెలంగాణ ఆత్మగౌరవ ప్రకటనగా చదువుతారు, అది సరైన పఠనమే. అయితే దాని వెనుక ఉన్న యంత్రాంగాన్ని కూడా చూడాలి. ఎనిమిదేళ్లుగా పత్రిక వెళ్తున్న ఊళ్ల నుండే ప్రత్యుత్తరం రావడానికి అవకాశం ఎక్కువ. పత్రిక అందుకొన్న చిరునామా తిరిగి పంపేవారి చిరునామా కూడా కాగలిగింది. వాదానికి ప్రతివాదం రాయడం ఏ పండితునికైనా సాధ్యమే. 354 పేర్లు చూపడం మాత్రం పాఠకులతో రెండు వైపులా నడిచే దారి ఉన్నవారికే సాధ్యం.

పట్టిక ఉన్నంత మాత్రాన పత్రిక చిరకాలం బతుకుతుందని అనుకోరాదు. 1924 జనవరిలో మొదలైన భారతి ఆరు దశాబ్దాలకు పైగా తెలుగు పరిశోధనకు వేదికై 1991లో ఆగిపోయింది. ఆ చందాదారులు లేకపోలేదు. వారి చందా మాత్రం ఒక పత్రికను నడిపే ఖర్చుకు చాలే స్థితి పోయింది.

తెరమీది తెలుగు: తొలి ఈమెయిల్ బృందాలు

1971లో రే టామ్లిన్సన్ అర్పానెట్‌పై ఒక కంప్యూటరు నుండి మరొక కంప్యూటరుకు సందేశం పంపి, వ్యక్తి పేరునూ యంత్రం పేరునూ వేరుచేయడానికి నేటి ‘ఎట్’ గుర్తును వాడారు. 1975 నాటికే ఆ వ్యవస్థపై ఎంఎస్‌జీగ్రూప్ అనే చర్చా జాబితా నడిచింది. 1982లో జొనాథన్ పోస్టెల్ పేరుమీద ఎస్ఎంటీపీ నియమావళి ప్రచురితమయింది. ఈ నియమావళి ఏ ఒక్క సంస్థ సొత్తూ కాదు. ఎవరైనా దానిని అనుసరించి సర్వరు నడపవచ్చు. ఒక సంస్థ సర్వరులో ఉన్న వ్యక్తి మరొక సంస్థ సర్వరులో ఉన్నవారికి రాయవచ్చు. తపాలా వ్యవస్థతో ఈమెయిల్‌కు ఉన్న అసలు పోలిక ఇదే. లోకం అంతటికీ ఒకే చిరునామా పద్ధతి, చేరవేసేవారు మాత్రం అనేకులు.

1990ల ఆరంభంలో అమెరికా విశ్వవిద్యాలయాలలోని తెలుగు విద్యార్థులు యూజ్‌నెట్‌లోని ‘ఎస్‌సీఐటీ’ అన్న చర్చావేదికపై కలుసుకొన్నారు. యూనికోడ్‌లో తెలుగు 1991లోనే చేరినా, నాటి యంత్రాలపై తెలుగు లిపి కనిపించేది కాదు. రైస్ విశ్వవిద్యాలయం విద్యార్థులు రూపొందించిన ఆర్‌టీఎస్ అన్న లిప్యంతరీకరణ ఆ లోటును పూరించింది. తెలుగు పద్యం రోమన్ అక్షరాలలో ప్రయాణించి, చదువరి మనస్సులో తెలుగై నిలిచేది. యూజ్‌నెట్ మాత్రం బహిరంగ స్థలం. అక్కడ ఎవరు చదువుతున్నారో రాసేవారికి తెలియదు. ‘తెలుసా’, తరువాత ‘రచ్చబండ’ వంటి ఈమెయిల్ బృందాలతో చదువరి పేరు తిరిగి పట్టికకు ఎక్కింది. ఛందస్సు, వ్యుత్పత్తి, పాఠనిర్ణయం, కథావిమర్శ వంటి విషయాలపై దేశదేశాలలోని తెలుగువారు అక్కడ చర్చించుకొన్నారు. 1998లో మొదలైన ఈమాట పత్రిక ఈ వాతావరణం నుండి వచ్చినదే. రచ్చబండ అన్న పేరు ఊరి నడిబొడ్డున ఎవరైనా కూర్చోగల చోటును సూచిస్తుంది. వాస్తవంలో దానికి సభ్యత్వ పట్టిక ఉంది. పేరు ఊరిది, పద్ధతి చందాది.

రచ్చబండ యాహూ గ్రూప్స్‌పై నడిచింది. యాహూ 2000లో ఈగ్రూప్స్ అన్న సంస్థను కొని తన సేవలో కలుపుకొన్నది. 2019 అక్టోబరులో గ్రూపుల పాత సందేశాలను, దస్త్రాలను తొలగిస్తున్నట్లు ప్రకటించింది. 2020 డిసెంబరు 15న సేవ పూర్తిగా మూతపడింది. ప్రపంచమంతటా ఇరవై ఏళ్ల చర్చలకు గడువు కొన్ని వారాలలోకి కుదించుకుపోయింది. ఇక్కడ రెండు వస్తువులను వేరుచేసి చూడాలి. ఒకటి సభ్యుల చిరునామాలు, రెండు పాత సందేశాల భాండాగారం. చిరునామాలను నిర్వాహకులు దింపుకొని మరొక చోట బృందాన్ని తిరిగి నిలబెట్టవచ్చు. పైగా ప్రతి సందేశమూ సభ్యుల సొంత మెయిల్‌పెట్టెలకు అప్పటికే చేరి ఉంటుంది కనుక భాండాగారం పోయినా ప్రతులు చెదురుమదురుగా మిగులుతాయి. ఎక్కడో ఒక అటకమీద పాత సంచిక దొరికినట్లే ఇదీ. ఇరవయ్యవ శతాబ్ది చివరి దశకపు తెలుగు సాహిత్య వాదాలపై పరిశోధించదలచినవారికి ఈ వ్యక్తిగత మెయిల్‌పెట్టెలు అటకల వంటివేనని గుర్తించవలసి ఉంది. యూజ్‌నెట్ చర్చల పాత భాండాగారాన్ని గూగుల్ 2001లో డేజా సంస్థ నుండి కొన్నది. 2024 ఫిబ్రవరిలో ఆ వేదికపై కొత్త యూజ్‌నెట్ సందేశాలు ఆగిపోయాయి. పాతవి ఇంకా చూడవచ్చు.

ఫాలోయర్ ఎవరివాడు?

సామాజిక మాధ్యమాలు తెలుగు సాహిత్యానికి చేసిన మేలును తక్కువ చేయడం చరిత్ర దృష్టి కాదు. చేతిఫోనులో తెలుగు లిపి కనిపించడం మొదలైన తరువాత, ఏ పత్రికకూ చందా కట్టని, ఏ గ్రంథాలయంలోనూ అడుగుపెట్టని లక్షలమంది కవిత చదివారు, రాశారు. సంపాదకుని బల్లమీద తిరస్కృతమయ్యే గొంతులు, ముఖ్యంగా దళిత, బహుజన, స్త్రీవాద రచయితల గొంతులు, నేరుగా పాఠకుని ముందుకు వచ్చాయి. ఏ చందా పట్టికా ఇంత వేగంగా ఇంతమంది కొత్త పాఠకులను తేలేదు.

అయితే ఫాలోయర్ అన్న సంబంధం స్వభావం వేరు. చందాదారు తన చిరునామాను పత్రికకు ఇస్తాడు. ఫాలోయర్ తన ఇష్టాన్ని మాధ్యమ సంస్థకు తెలియజేస్తాడు. పత్రికకు దక్కేది అంకె. 2012లో ఫేస్‌బుక్ వెల్లడించిన లెక్క ప్రకారం ఒక పేజీ పెట్టిన రాత సగటున 16 శాతం అభిమానులకు చేరుతున్నది. 2014లో ఒగిల్వీ సంస్థ పరిశీలించిన పేజీలలో అది దాదాపు 6 శాతానికి పడిపోయింది. పదివేలమంది ఫాలోయర్లున్న పత్రికకు ఈ రెండు అంకెలను అన్వయిస్తే మొదట 1,600 మంది, తరువాత 600 మంది. మిగిలినవారిని చేరడానికి అదే సంస్థకు ప్రకటన రుసుము చెల్లించాలి. 2016లో కాలక్రమ పద్ధతిని విడిచిపెడుతూ ఇన్‌స్టాగ్రామ్ కూడా సగటు వినియోగదారు తన ముందుకు రావలసిన వాటిలో 70 శాతం చూడటం లేదని చెప్పింది. 2018 జనవరిలో ఫేస్‌బుక్ స్నేహితుల, కుటుంబసభ్యుల రాతలకు ప్రాధాన్యమిచ్చి పేజీల రాతలను మరింత వెనక్కి నెట్టింది. తపాలా శాఖ చందాదారుల కట్టలో నూటికి ఆరు మాత్రమే పంచి, మిగిలినవి పంచడానికి వేరే రుసుము అడిగిన సందర్భం వలసపాలనలో కూడా ఊహించలేనిది.

మూతపడటం ఇంకొక సమస్య. 2004లో మొదలైన ఆర్కుట్‌లో తెలుగు భాషాభిమానుల బృందాలు ఉండేవి. 2014 సెప్టెంబరు 30న అది ఆగింది. గూగుల్ ప్లస్ 2019 ఏప్రిల్ 2న ఆగింది. 2020 జూన్ 29న భారత ప్రభుత్వం నిషేధించిన 59 యాప్‌లలో టిక్‌టాక్ ఉంది. ఆ నిర్ణయం తప్పొప్పులు ఇక్కడి విషయం కాదు. తెలుగు పల్లెల నుండి పాటతో, హాస్యంతో, అభినయంతో వేలమందిని చేరుకొన్నవారు ఒక్క రాత్రిలో తమ శ్రోతలను పోగొట్టుకొన్నారు. పోగొట్టుకొన్నవారిలో ఒక్కరి చిరునామా కూడా వారి దగ్గర లేదు. ఆంధ్రపత్రిక బొంబాయి విడిచినప్పుడు జరిగినదానికి ఇది సరిగ్గా వ్యతిరేకం.

ఈమెయిల్ జాబితా నిర్దోషి అని దీని అర్థం కాదు. 1978 మే 3న గ్యారీ థ్యూర్క్ అన్న కంప్యూటరు సంస్థ ఉద్యోగి అర్పానెట్ ముద్రిత డైరెక్టరీ నుండి దాదాపు 400 చిరునామాలు ఏరి, వారి అనుమతి లేకుండా వ్యాపార ప్రకటన పంపారు. అయాచిత సందేశాల చరిత్ర అక్కడ మొదలవుతుంది. చిరునామా చేతిలో ఉండటం వేరు, పంపే హక్కు ఉండటం వేరు. 1898 చట్టంలోని ‘నిజమైన’ అన్న విశేషణానికి ఈ సందర్భంలో కొత్త అర్థం స్ఫురిస్తుంది. సాహిత్యసభలో సంతకాల పుస్తకం నుండి చిరునామాలు ఎక్కించుకొన్న పట్టిక నిజమైన పట్టిక కాదు. 2023 నాటి భారత వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం సమ్మతికి, సమ్మతి ఉపసంహరణకు స్థానం కల్పించింది. 2024 ఫిబ్రవరి నుండి గూగుల్, యాహూ సంస్థలు ఈ విషయంలో కఠినంగా ఉన్నాయి. జీమెయిల్ ఖాతాలకు రోజుకు 5,000కు మించి పంపేవారు ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ అన్న ధ్రువీకరణలు పాటించాలి. వ్యాపార ప్రచార సందేశాలలో, చందా లేఖలలో ఒక్క నొక్కుతో విరమించుకొనే వీలు కల్పించాలి. 2013లో జీమెయిల్ ప్రచార సందేశాలను వేరే అరలోకి మళ్లించడంతో కోరి తెప్పించుకొన్న సాహిత్య లేఖలు కూడా కొన్ని ఆ అరలో పడుతున్నాయి. అంటే ఇక్కడా మధ్యవర్తి ఉన్నాడు. కాని ఈ మధ్యవర్తిని మార్చుకోవచ్చు. ట్విట్టర్ 2021లో కొన్న రెవ్యూ అన్న లేఖా సేవ 2023 జనవరి 18న మూతపడినప్పుడు, టైనీలెటర్ 2024 ఫిబ్రవరి 29న ఆగినప్పుడు, వాటిని వాడినవారు తమ జాబితాలను దింపుకొని వేరే చోట కొనసాగే వీలున్నది. అదే ట్విట్టర్‌లోని ఫాలోయర్లను అలా దింపుకొనే దారి లేదు.

పట్టిక – పరిశోధన ఆధారం

తెలుగు విభాగాలలో పత్రికలపై వచ్చిన సిద్ధాంతగ్రంథాలు సంపాదకీయాలను, రచనలను, భాషాశైలిని విస్తారంగా పరిశీలించాయి. ఎవరు చదివారన్న ప్రశ్నకు వచ్చేసరికి ఆధారాలు పలచబడతాయి. దీనికి ఒక భౌతిక కారణం ఉంది. గ్రంథాలయాలు సంచికలను సంపుటాలుగా కుట్టించేటప్పుడు రేపర్లను, తరచు అట్టలను, ప్రకటనల పుటలను తీసివేయడం పరిపాటి. చందా రసీదులు, వి.పి. తిరుగుటపా చీటీలు, మేనేజరు ఖాతా పుస్తకాలు పత్రిక మూతపడిన వెంటనే పాతకాగితాల బేరానికి పోయేవి. గోలకొండ కవుల సంచిక వంటివి అరుదుగా ఆ సంబంధాన్ని పుస్తకరూపంలో నిలిపాయి.

ఈమెయిల్ జాబితాకు రేపరు లేదు, కుట్టేవాడు తీసివేయడానికి. జాబితా అంతా ఒక పట్టిక దస్త్రంగా, చేరిన తేదీ, విరమించుకొన్న తేదీలతో సహా, నిర్వాహకుని యంత్రంలో ఉంటుంది. చిరునామాలు బయటపెట్టకుండానే ఏ సంవత్సరం ఎందరు చేరారు, ఏ సంచిక తరువాత ఎందరు వెళ్లిపోయారు అన్నవి లెక్కించవచ్చు. నిర్వాహకుడు పత్రికను ఆపివేసేటప్పుడు పేర్లు తొలగించిన ఆ లెక్కలనైనా సంచికలతోపాటు ఏదైనా విశ్వవిద్యాలయ గ్రంథాలయానికి అప్పగించే పద్ధతి తెలుగులో ఇంకా ఏర్పడలేదు.